వింటేజ్ షాంపేన్‌ను రుచి చూడడం ఎలా: ఒకే సీసాలో మూడు కాలాలు

వింటేజ్ షాంపేన్ సీసాను చాలామంది సందడి మధ్యలో తెరుస్తారు. గడ్డకట్టేంతగా చల్లబరిచి, సన్నటి పొడవాటి గ్లాసుల్లో అంచుదాకా నింపి, మాటల్లో పడి రెండు మూడు గుక్కల్లో ఖాళీ చేస్తారు. ఎనిమిదేళ్లో పదేళ్లో నేలమాళిగ చీకట్లో ఎదిగిన వైన్‌కు అంతకన్నా ఎక్కువ గౌరవం దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను. అది ముందు వైన్, ఆ తరువాతే బుడగల పానీయం. ఈ ఒక్క మాట మనసులో నిలుపుకుంటే, గ్లాసును ఎంచుకోవడం మొదలుకొని చివరి గుక్క దాకా చేసే పనులన్నీ మారిపోతాయి. గంట, గంటన్నర తీరిక చేసుకొని, ఇద్దరో ముగ్గురో నిదానంగా కూర్చొని చేయదగిన పనిగా దీనిని ఇక్కడ వివరిస్తున్నాను.

షాంపేన్ అనే పేరు ఫ్రాన్స్‌లో, పారిస్‌కు ఈశాన్యంగా రాన్స్, ఎపెర్నే పట్టణాల చుట్టూ, ఇంకా దక్షిణాన ఓబ్ జిల్లాలోనూ, చట్టం గీసిన హద్దుల లోపల పండిన ద్రాక్షతో అక్కడే తయారైన వైన్‌కు మాత్రమే చెల్లుతుంది. ఆ ప్రాంతం 49 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉండడం వల్ల ద్రాక్ష పూర్తిగా పండడం అక్కడ ఏటా ఒక పరీక్షే. వసంతంలో మంచు చిగుళ్లను మాడ్చిన ఏళ్లు, వేసవి పొడుగునా వానలు విడవని ఏళ్లు అక్కడి రైతులకు కొత్త కావు. అందుకే మామూలు షాంపేన్‌లో పాత ఏళ్ల నిల్వ వైన్లను కలిపి, ఏ ఏడు కొన్నా ఒకే రుచి ఉండేలా చూస్తారు. ఆ సీసా మీద సంవత్సరం ఉండదు. వింటేజ్ సీసా మీద సంవత్సరం ఉందంటే, లోపలి వైన్ అంతా ఆ ఒక్క ఏడు కోసిన ద్రాక్ష నుంచే వచ్చిందని అర్థం. ఆ ఏటి మంచిని, లోపాన్ని కప్పిపుచ్చే పాత వైన్ అందులో ఉండదు.

అయితే సీసా మీది సంవత్సరం కథలో మూడో వంతు మాత్రమే. వింటేజ్ షాంపేన్‌లో మూడు కాలాలు పొరలు పొరలుగా ఉంటాయి. మొదటిది తోటలో గడిచిన కాలం, అంటే ఆ ఏటి ఎండావానలు. రెండోది సీసాలో బుడగలను పుట్టించి చనిపోయిన ఈస్ట్ మడ్డి మీద వైన్ పడుకున్న కాలం. మూడోది ఆ మడ్డిని తీసివేసి కొత్త బిరడా బిగించాక, మనం తెరిచేదాకా గడిచిన కాలం. గ్లాసులో తగిలే ప్రతి వాసన, ప్రతి రుచి ఈ మూడింటిలో దేనికి చెందినదో పోల్చుకోవడమే వింటేజ్ షాంపేన్ రుచి చూడడంలో అసలు విద్య అని నేననుకుంటాను. కింది పద్ధతి అంతా ఆ దారిలోనే సాగుతుంది.

మొదటి మెట్టు: సీసాను చదవడం

తెరవడానికి ముందే సీసాను చేతిలోకి తీసుకొని ముందు, వెనుక పట్టీలు రెండూ చదవాలి. ముందు పట్టీ మీది సంవత్సరం తోట కాలాన్ని చెబుతుంది. కొన్ని ఏళ్ల స్వభావం తెలిసి ఉంటే గ్లాసులో ఏమి ఎదురుకాబోతోందో ఊహించవచ్చు. 1996లో ద్రాక్షలో చక్కెర, పులుపు రెండూ అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయి. ఆ ఏటి వైన్లు చాలాకాలం కత్తి అంచులా పదునుగా నిలిచాయి. 2003లో ఏప్రిల్ మంచు పంటను దెబ్బతీసింది, ఆగస్టు వడగాలులు మిగిలినదాన్ని తొందరగా పండించాయి, కోతలు ఆగస్టులోనే మొదలయ్యాయి. ఆ వైన్లలో పులుపు తక్కువ, పండిన పండ్ల బరువు ఎక్కువ. 2008లో వేసవి చల్లగా గడిచి, సెప్టెంబరు ఎండలు ఆదుకున్నాయి. సన్నగా, నిటారుగా, దీర్ఘాయుష్షుతో ఉండే వైన్లు వచ్చాయి. 2002ది ఆ రెండు కొసలకూ మధ్య నిలిచిన నిండైన సమతూకం.

తరువాత ద్రాక్ష రకం చూడాలి. షాంపేన్‌లో ప్రధానంగా మూడు రకాలు వాడతారు: తెల్ల ద్రాక్ష షార్డొనే, నల్ల ద్రాక్షలు పినో న్వార్, మూనియే. ‘బ్లాన్ ద బ్లాన్’ అని ఉంటే తెల్ల ద్రాక్షతోనే చేసినది, అంటే దాదాపు ఎప్పుడూ షార్డొనేతోనే. ‘బ్లాన్ ద న్వార్’ అని ఉంటే నల్ల ద్రాక్షను తొక్క రంగు దిగకుండా మెల్లగా పిండి చేసిన తెల్ల వైన్. ఊరి పేరు కనిపిస్తే అదీ ఉపయోగపడుతుంది. ఎపెర్నేకు దక్షిణాన కోట్ దె బ్లాన్ వాలులో ఉన్న క్రమాన్, అవీజ్, ల మెనీల్-సుర్-ఓజే ఊళ్లు సుద్దరాతి నేల మీద పండే షార్డొనేకు పేరుపొందినవి. రాన్స్ కొండ మీది వెర్జెనే, బూజీ, ఆంబొనే పినో న్వార్‌కు ప్రసిద్ధి. ఇవన్నీ అత్యున్నతమైన ‘గ్రాన్ క్రూ’ హోదా ఉన్న 17 ఊళ్లలోనివి.

అన్నింటికన్నా విలువైన సమాచారం వెనుక పట్టీ మీద చిన్న అక్షరాలలో ఉంటుంది, లేదా ఉండదు: మడ్డి తీసిన తేదీ. దానినే డిస్గార్జ్‌మెంట్ తేదీ అంటారు. దానిని ముద్రించడం తప్పనిసరి కాదు గానీ, ముద్రించే ఉత్పత్తిదారుల మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. ఉదాహరణకు ఒక బ్లాన్ ద బ్లాన్ సీసా మీద 2008 అనీ, వెనుక పట్టీ మీద 2018 అనీ ఉందనుకుందాం. దానిని మనం 2024లో తెరుస్తున్నాం. 2008 శరదృతువులో కోసిన ద్రాక్షతో చేసిన వైన్‌ను 2009లో ఈస్ట్, చక్కెర చేర్చి సీసాలో పోసి ఉంటారు. కనుక అది మడ్డి మీద సుమారు తొమ్మిదేళ్లు, కొత్త బిరడా కింద ఆరేళ్లు గడిపింది. ఇదే వైన్‌ను 2015లో మడ్డి తీసి ఉంటే రెండో కాలం ఆరేళ్లకు తగ్గి, మూడో కాలం తొమ్మిదేళ్లకు పెరుగుతుంది. సంవత్సరం ఒకటే, ఉత్పత్తిదారు ఒకరే. అయినా రుచి వేరు. ఈ చిన్న లెక్కను ఒక కాగితం మీద వేసుకొని పక్కన పెట్టుకోవడం నాకు అలవాటు.

చట్టం ప్రకారం సంవత్సరం లేని షాంపేన్ సీసాలో పోసినప్పటి నుంచి కనీసం 15 నెలలు, అందులో 12 నెలలు మడ్డి మీద, ఉండాలి. వింటేజ్ కనీసం మూడేళ్లు ఉండాలి. పేరున్న సంస్థలు ఆ గడువును చాలా దాటి ఆగుతాయి. బొలాంజే వారి ‘ఆర్.డి.’, డోమ్ పెరిన్యోన్ వారి ‘ప్లెనిత్యూద్ 2’ వంటివి మడ్డిని మరింత ఆలస్యంగా తీసి, రెండో కాలాన్ని కావాలని పొడిగించిన వైన్లు.

పట్టీ మీది ‘బ్రూట్’ వంటి మాట చివర్లో కలిపిన తీపి పాళ్లను తెలుపుతుంది. మడ్డి తీసినప్పుడు కొద్దిగా వైన్ పోతుంది. ఆ ఖాళీని చక్కెర కలిపిన వైన్‌తో నింపుతారు. దీనిని డోజాజ్ అంటారు. లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే బ్రూట్, 6 గ్రాములు మించకపోతే ఎక్స్‌ట్రా బ్రూట్, 3 గ్రాముల లోపు ఉండి అసలు చక్కెర కలపకపోతే బ్రూట్ నేచర్. ఒకప్పటి అభిరుచి ఎంత వేరుగా ఉండేదో 2010లో బయటపడింది: ఓలాండ్ దీవుల దగ్గర బాల్టిక్ సముద్రంలో సుమారు 50 మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. దాదాపు 170 ఏళ్లు ఆ చీకట్లో, చలిలో ఉన్న ఆ వైన్‌ను పరీక్షిస్తే లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర తేలింది.

రెండో మెట్టు: చల్లదనం, గ్లాసు

సంవత్సరం లేని షాంపేన్‌కు 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. వింటేజ్‌కు 10 నుంచి 12 డిగ్రీలు కావాలి; బాగా పాతదైతే 13 డిగ్రీలైనా తప్పు లేదు. ఐదారు డిగ్రీల దగ్గర వాసనలన్నీ ముడుచుకుపోతాయి, పులుపూ బుడగల కాటూ మాత్రమే మిగులుతాయి. నిల్వ చేసిన చోటు నుంచి తెచ్చిన సీసాను మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, తెరవడానికి పావుగంట ముందు బయటికి తీయవచ్చు. లేదా సగం నీరు, సగం మంచుముక్కలు ఉన్న బకెట్‌లో పాతిక నిమిషాలు ఉంచవచ్చు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు.

ఇంకో జాగ్రత్త వెలుతురు విషయంలో. కాంతి తగిలితే వైన్‌లోని రైబోఫ్లేవిన్ చర్య జరిపి గంధకపు సమ్మేళనాలను పుట్టిస్తుంది. ఉడికిన కాబేజీని, తడిసిన ఉన్నిని గుర్తుచేసే వాసన వస్తుంది. ముదురు ఆకుపచ్చ గాజు కొంత కాపాడుతుంది, రంగులేని గాజు అసలు కాపాడదు. లూయీ రోడెరేర్ వారి క్రిస్టల్ సీసాను పసుపు రంగు పారదర్శక కాగితంలో చుట్టి అమ్మేది ఈ కారణం చేతనే. తాగే క్షణం దాకా ఆ కాగితాన్ని తీయకపోవడం మంచిది.

గ్లాసు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వింటేజ్‌కు సన్నటి ఫ్లూట్ వద్దు, వెడల్పాటి కూప్ అంతకన్నా వద్దు. ఫ్లూట్‌లో ముక్కు దూరదు. కూప్‌లో వాయువూ పరిమళమూ క్షణాల్లో చెదిరిపోతాయి. నడుము దగ్గర ఉబ్బి, అంచు దగ్గర కొద్దిగా లోపలికి మళ్లిన ట్యూలిప్ ఆకారపు గ్లాసు కావాలి. అది లేకపోతే మామూలు తెల్ల వైన్ గ్లాసు హాయిగా సరిపోతుంది. కడిగిన సబ్బు ఏమాత్రం మిగిలినా నురగ చచ్చిపోతుంది కనుక వేడి నీటితో పలుమార్లు కడిగి, మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి. గుడ్డ నుంచి గ్లాసులో మిగిలే కంటికి కనిపించని నూలుపోగులు మనకు మేలే చేస్తాయి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మూడో మెట్టు: తెరవడం

మూసి ఉన్న సీసాలో సుమారు ఆరు వాతావరణాల పీడనం ఉంటుంది. కాబట్టి ఈ పని మొదలుపెట్టాక సీసా మూతిని ఎవరి ముఖం వైపూ తిప్పకూడదు, బొటనవేలిని బిరడా మీద నుంచి తీయకూడదు. ముందు రేకును ఒలవాలి. తరువాత బొటనవేలు బిరడా మీద ఉంచి, తీగ చట్రాన్ని ఆరు అరచుట్లు తిప్పి వదులు చేయాలి. చట్రాన్ని పూర్తిగా తీయనక్కరలేదు, బిరడాతో పాటే రానివ్వవచ్చు. సీసాను 45 డిగ్రీలు వంచి, ఒక చేత్తో బిరడాను కదలకుండా పట్టుకొని, రెండో చేత్తో సీసా అడుగును పట్టుకొని సీసానే మెల్లగా తిప్పాలి. కొద్దిసేపటికి బిరడా తనంతట తాను పైకి రావడానికి ప్రయత్నిస్తుంది. అప్పుడు లాగకూడదు, దానిని లోపలికి నొక్కుతున్నట్టుగా పట్టి, అంచు వారగా కొద్ది కొద్దిగా వాయువును వదలాలి. సరిగ్గా చేస్తే పెద్ద చప్పుడు రాదు, నిట్టూర్పు లాంటి చిన్న శబ్దం వస్తుంది. చప్పుడుతో పాటు బయటికి దూకే నురగ మనం తాగవలసిన వైనే.

పాత సీసాలతో ఇంకా ఓపిక కావాలి. పీడనం తగ్గి ఉంటుంది, బిరడా గట్టిపడి గాజుకు అతుక్కొని ఉంటుంది. బలంగా తిప్పితే తల విరిగి కింది భాగం సీసాలోనే ఉండిపోవచ్చు. ఒకసారి నా చేతిలో అలాగే జరిగింది. మిగిలిన ముక్క కింద ఇంకా పీడనం ఉంటుంది కనుక, మూతికి గుడ్డ కప్పి, మామూలు కార్క్‌స్క్రూను నెమ్మదిగా దించి, అరగంట కష్టపడి తీయవలసి వచ్చింది.

తీసిన బిరడాను పారేయకూడదు, అది మూడో కాలానికి సాక్ష్యం. చాలావరకు బిరడా పైభాగం చిన్న ముక్కలను అతికించి చేసినదై, వైన్ తగిలే కొసన సహజమైన కార్క్ బిళ్లలు ఉంటాయి. మడ్డి తీసి కొద్దికాలమే అయితే ఆ కింది భాగం బయటికి రాగానే గౌను అంచులా విచ్చుకుంటుంది. ఏళ్లు గడిచిన కొద్దీ సాగే గుణం పోయి, మేకులా సన్నగా నిటారుగా ఉండిపోతుంది. పట్టీ మీద తేదీ లేని సీసా విషయంలో నేను ముందు చూసేది ఈ ఆకారాన్నే. వింటేజ్ బిరడా మీద సంవత్సరం కూడా ముద్రించి ఉంటుంది. అది పట్టీ మీది సంవత్సరంతో సరిపోవాలి.

పోసేటప్పుడు గ్లాసును వంచి, గోడ మీదుగా సన్నని ధారగా పోయాలి. రాన్స్ విశ్వవిద్యాలయంలో బుడగల భౌతికశాస్త్రాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన జెరార్ లిజే-బెలెర్ బృందం, నిటారు గ్లాసులో నేరుగా పోయడం కన్నా ఇలా పోసినప్పుడు వైన్‌లో వాయువు ఎక్కువగా నిలుస్తుందని కొలిచి చూపింది. మూడో వంతు దాటి నింపవద్దు.

నాలుగో మెట్టు: చూడడం

గ్లాసును తెల్లటి కాగితం ముందు పట్టుకొని రంగు చూడాలి. లేత ఆకుపచ్చ జీర ఉన్న పసుపు రంగు చిన్న వయసుకు గుర్తు. వయసు మీద పడే కొద్దీ అది బంగారంలోకి, ఆపైన రాగిలోకి మళ్లుతుంది. వయసుకు మించి గోధుమ రంగు తిరిగి, మెరుపు తగ్గి ఉంటే గాలి తగిలిందేమోనని అనుమానించాలి.

బుడగల గురించి ఒక అపోహను పోగొట్టాలి. గ్లాసు అడుగు నుంచి తెగని పూసల దండలా బుడగలు లేస్తుంటే వైన్ గొప్పదని చాలామంది అనుకుంటారు. నిజానికి నునుపైన గాజు మీద బుడగ దానంతట అది పుట్టదు. గాలిని తమలో బంధించిన సెల్యులోజ్ పోగులే వాటికి పుట్టిల్లు. ఇందాక గుడ్డ పోగుల గురించి చెప్పింది ఇందుకే. పోగులేవీ లేని శుభ్రమైన గ్లాసులో అత్యుత్తమ షాంపేన్ కూడా నిశ్చలంగా కనిపిస్తుంది. కనుక దండ అందాన్ని చూసి ఆనందించవచ్చు గానీ నాణ్యతను మాత్రం నోటికే వదిలేయాలి. వయసు విషయంలో మాత్రం బుడగలు నిజం చెబుతాయి: వాయువు బిరడా గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తప్పించుకుంటుంది కాబట్టి, ముప్పై ఏళ్ల సీసాలో బుడగలు సన్నగా, అరుదుగా ఉంటాయి. అది లోపం కాదు.

ఐదో మెట్టు: వాసన చూడడం

ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఇక్కడే. మొదటిసారి గ్లాసును తిప్పకుండా, ముక్కును అంచుకు కొద్ది దూరంలో ఉంచి చిన్నగా పీల్చాలి. లోతుగా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ ముక్కు లోపల సూదిలా గుచ్చుతుంది, తరువాతి అరనిమిషం ఏ వాసనా తెలియదు. పగిలే ప్రతి బుడగా సన్నని తుంపరను పైకి విసురుతుంది. ఆ తుంపరలో పరిమళ పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. అంటే షాంపేన్ తన వాసనను తానే పైకి పంపుతుంది, మనం ఊరికే ఎదురుచూస్తే చాలు. ఒక నిమిషం తరువాత గ్లాసును రెండు చుట్లు మెల్లగా తిప్పి మళ్లీ చూడాలి.

ఇప్పుడు తెలిసిన వాసనలను మూడు కాలాలకు పంచాలి. తోట నుంచి వచ్చినవి పండ్లు, పూలు: నిమ్మ తొక్క, ఆకుపచ్చ ఆపిల్, బేరిపండు, తెల్లపూలు షార్డొనే వైపు, చెర్రీ, ఎర్ర పండ్లు, మసాలా ఛాయ పినో న్వార్ వైపు. వేడి ఏడైతే ఈ పండ్లు పీచ్ వైపు, పైనాపిల్ వైపు జరుగుతాయి. చల్లని ఏడైతే నిమ్మ దగ్గర, ఆపిల్ దగ్గర ఆగుతాయి. మెనీల్ వంటి ఊళ్ల షార్డొనేలో తడిసిన సుద్దను తలపించే చల్లటి వాసన ఒకటి ఉంటుంది. దానికి ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

రెండో గుంపు మడ్డిది. సీసాలో చక్కెరను తిని వాయువును పుట్టించిన ఈస్ట్ కణాలు చనిపోయాక, ఏళ్ల తరబడి నెమ్మదిగా తమలో తామే కరిగి, మాంసకృత్తుల శకలాలను, అమైనో ఆమ్లాలను వైన్‌లోకి వదులుతాయి. పులిసిన పిండి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన బ్రెడ్, వెన్న, పచ్చి బాదం వంటి వాసనలు ఇక్కడివే. పైగా ఆ మడ్డి ఆక్సిజన్‌ను పీల్చుకొని వైన్‌ను కాపాడుతుంది. అందుకే చాలా ఆలస్యంగా మడ్డి తీసిన వైన్‌లో ఇరవై ఏళ్ల తరువాత కూడా నిమ్మ తాజాదనం, ముదురు బ్రెడ్ వాసన పక్కపక్కనే కనిపించి ఆశ్చర్యపరుస్తాయి. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వంటి చిన్న వాసన కూడా ఒక్కోసారి తగులుతుంది. అది గాలి తగిలిన కొద్దీ కరిగిపోతుంది.

మూడో గుంపు బిరడా కింద పుట్టినది. మడ్డి రక్షణ పోయాక కొద్దిపాటి ఆక్సిజన్ లోపలికి చేరుతుంది. తేనె, వేయించిన హేజల్‌నట్, కాల్చిన బ్రెడ్, కాఫీ గింజ, ఎండిన అంజీర్, ఇంకా పాతదైతే పుట్టగొడుగు, తడి ఆకుల వాసన వస్తాయి. రెండో గుంపులోని బ్రెడ్డుకూ మూడో గుంపులోని కాల్చిన బ్రెడ్డుకూ తేడా పట్టుకోవడం మొదట్లో కష్టం. మడ్డి నుంచి వచ్చినది మెత్తగా, తేమగా, పిండిని గుర్తుచేసేలా ఉంటుంది. బిరడా కింద పుట్టినది పొడిగా, వేడిగా, అంచులు మాడినట్టు ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి పట్టుబడితే వింటేజ్ షాంపేన్ తలుపు తెరుచుకున్నట్టే.

లోపాలను కూడా ఇక్కడే పట్టుకోవాలి. తడి అట్టపెట్టె, బూజు పట్టిన నేలమాళిగ వాసన వస్తే బిరడా నుంచి టీసీఏ అనే రసాయనం సోకింది; ఆ సీసా గంటలో బాగుపడదు, ఇంకా పాడవుతుంది. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన తప్ప మరేదీ లేకపోతే వైన్‌కు గాలి ఎక్కువగా తగిలింది.

ఆరో మెట్టు: నోట్లో

చిన్న చెంచాడు వైన్ తీసుకొని, మింగకుండా నాలుక మీద పరచాలి. మొదట నురగను గమనించాలి. చిన్న వయసు వైన్‌లో అది ముళ్లలా గుచ్చవచ్చు. మడ్డి మీద చాలాకాలం ఉన్న వైన్‌లో మీగడలా విచ్చుకొని నోరంతా నింపుతుంది. తరువాత పులుపు. అది నాలుక అంచుల్లో నీరూరించి ఆగిపోతోందా, లేక మొదటి నుంచి చివరిదాకా ఒక గీతలా సాగుతోందా అన్నది ముఖ్యం. కొన్ని సంస్థలు మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చే మరో పులియడాన్ని ఆపుతాయి. మెనీల్ షార్డొనేతో మాత్రమే చేసే సాలోన్ అలాంటిదే. అటువంటి వైన్లు చిన్నతనంలో కఠినంగా అనిపించి, పదిహేనేళ్ల తరువాత వికసిస్తాయి.

నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటి ఉంది. రెండో గుక్కను నోట్లోనే బాగా పుక్కిలించి, వాయువు అంతా పోయాక మిగిలిన నిశ్చలమైన వైన్‌ను రుచి చూడాలి. బుడగలు, చల్లదనం అనేక లోపాలను దాస్తాయి. అవి తొలగాక ఆ ద్రవంలో ఇంకా సారం, ఆకారం ఉంటే అది మంచి వింటేజ్. నీళ్లలా పలచబడి తీపి, పులుపు విడివిడిగా తేలితే పట్టీ మీద ఎంత గొప్ప పేరున్నా నా దృష్టిలో అది సాధారణమైనదే. డోజాజ్ సరిగ్గా కుదిరిందో లేదో కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది: చక్కెర తీపిగా తెలియకూడదు, పులుపు అంచులను గుండ్రంగా చేసినట్టు మాత్రమే ఉండాలి.

మింగాక, లేదా వరుసగా అనేక సీసాలు చూస్తుంటే ఉమ్మాక, రుచి ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టాలి. ఫ్రెంచ్ వారు ఒక సెకనును ఒక ‘కొదాలీ’ అంటారు. పది దాటకపోతే నిరాశే. అంతకన్నా, ఆ మిగిలేది ఏమిటన్నది నాకు ముఖ్యం. పులుపు మాత్రమే మిగిలితే ఒకటి. ఉప్పదనం, సుద్ద, వేయించిన గింజల రుచి ఒకదాని వెనుక ఒకటి వస్తే మరొకటి.

ఏడో మెట్టు: గంటసేపు ఆగడం

ఇదంతా ఒక్కసారి చేసి ముగించేది కాదు. గ్లాసులో సగం అలాగే ఉంచి, ఇరవై నిమిషాలకు ఒకసారి మళ్లీ చూడాలి. ఇందాకటి 2008 బ్లాన్ ద బ్లాన్ లాంటి వైన్‌నే తీసుకోండి. తెరిచిన వెంటనే, 10 డిగ్రీల దగ్గర, నిమ్మ తొక్క, అగ్గిపుల్ల, పదునైన పులుపు. బ్రెడ్ ఎక్కడో దూరంగా ఉంటుంది. ఇరవై నిమిషాలకు అగ్గిపుల్ల పోయి, బేరిపండు, వెన్న ముందుకు వస్తాయి. నలభై నిమిషాలకు, గ్లాసు 13 డిగ్రీల దగ్గరికి చేరాక, బుడగలు పలచబడి, అప్పటిదాకా లేని తేనె, హేజల్‌నట్ తలెత్తుతాయి, నోట్లో వైన్ వెడల్పు అవుతుంది. మూడు కాలాలూ ఒకే గ్లాసులో వరుసగా కనిపించడం ఇదే. దీనిని చూసినవారు షాంపేన్‌ను మళ్లీ తొందరగా తాగరు.

ప్రతి దశలో రెండేసి మాటలు రాసుకోవాలి. అందమైన వర్ణన అక్కరలేదు. సమయం, వాసన, అది ఏ కాలానికి చెందినదని మీరు అనుకుంటున్నారు, ఈ మూడు చాలు. పోలికతో నేర్చుకోవడం ఇంకా త్వరగా జరుగుతుంది. ఒకే సంస్థ చేసిన సంవత్సరం లేని సీసానూ వింటేజ్‌నూ పక్కపక్కన తెరిస్తే మొదటి కాలం అర్థమవుతుంది. ఒకే వింటేజ్‌ను రెండు వేర్వేరు డిస్గార్జ్‌మెంట్ తేదీలతో చూస్తే మిగిలిన రెండూ అర్థమవుతాయి. అవకాశం దొరికితే 75 సెంటీలీటర్ల సీసాను, లీటరున్నర మాగ్నంను కలిపి చూడండి. మాగ్నంలో వైన్ రెట్టింపు ఉన్నా బిరడా దగ్గరి గాలి ఇంచుమించు అంతే కనుక, అది నెమ్మదిగా ముసలిదవుతుంది.

ఈ గంటలో తిండి వద్దు. బ్రెడ్ ముక్క, మంచినీళ్లు చాలు. తరువాత మిగిలినదానితో పాతబడిన కోంతే జున్ను, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, కాల్చిన కోడి బాగా కుదురుతాయి. తీపి వంటకాల పక్కన మాత్రం బ్రూట్ వింటేజ్ పుల్లగా, పేలవంగా మారిపోతుంది.

సీసాలో కొంత మిగిలితే మూతిలో వెండి చెంచా వేలాడదీసే అలవాటు ఏ పనీ చేయదు. షాంపేన్ కోసం చేసిన బిగుతైన స్టాపర్ పెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మరునాడు సాయంత్రం, బుడగలు సగానికి తగ్గిన ఆ చివరి గ్లాసును 12 డిగ్రీల దగ్గర మళ్లీ రుచి చూసి, ముందురోజు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకోండి. ఆ గ్లాసులో నిమ్మ ఇంకా తాజాగా ఉంటే, అదే వైన్ మరో సీసా మీ దగ్గర ఉన్నట్టయితే, దానిని 10 నుంచి 12 డిగ్రీల చీకటి చోట ఇంకో ఐదేళ్లు ధైర్యంగా ఉంచవచ్చు. కోసిన ఆపిల్ ముక్క వాసన అప్పటికే పైకి వస్తుంటే, ఆ రెండో సీసాను ఈ ఏడే తెరవండి.